కొల్లేటి అంచున చేపల చెరువుల్లో మేలు బ్యాక్టీరియా: కొన్నేళ్ల వాడకం తరువాత

కైకలూరు ప్రాంతంలో, కొల్లేరు అభయారణ్యం హద్దుకు వెలుపల, శీలావతి, బొచ్చె పెంచే మా చెరువుల్లో బాసిల్లస్, నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అనే మేలు బ్యాక్టీరియా కలిసిన పొడులను (ప్రోబయోటిక్‌లను) కొన్నేళ్లుగా వాడుతున్నాము. చిల్లులు పెట్టిన తవుడు సంచులను కర్రలకు కట్టి మేత పెడతాము కాబట్టి, చెరువు ముందుగా ఎక్కడ పాడవుతుందో మాకు తెలుసు. సంచుల వరుస కింద మట్టి నల్లబడి, చేతిలోకి తీసుకుంటే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. బాసిల్లస్ పనితనం నాకు స్పష్టంగా కనిపించింది అక్కడే; క్రమం తప్పకుండా చల్లిన చెరువుల్లో ఆ నలుపు పలచబడి, వాసన బాగా తగ్గింది.

చేపల విసర్జన, మిగిలిన మేత నుంచి పుట్టే అమ్మోనియా అంత సులువుగా లొంగదు. బాసిల్లస్‌ను బెల్లం, తవుడు కలిపిన నీటిలో రాత్రంతా గాలి కొట్టి పెంచుకోవచ్చు గాని, అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ బ్యాక్టీరియాకు బెల్లంతో పని లేదు. అవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. పైగా అమ్మోనియాలోని ఒక గ్రాము నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.6 గ్రాముల ప్రాణవాయువు, కాల్షియం కార్బొనేట్ లెక్కన 7 గ్రాములకు పైగా క్షారత (నీటికి ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) ఖర్చవుతాయి. అందువల్ల ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) లేని చెరువులో, మబ్బు పట్టిన రోజుల్లో, చేపలు తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరుస్తున్నప్పుడు ఈ పొడి చల్లితే మేలు కన్నా కీడే ఎక్కువ. బ్లీచింగ్, అయోడిన్ వేసిన వెంటనే చల్లితే ఆ బ్యాక్టీరియా బతకదు. డబ్బా మీద రాసిన బ్యాక్టీరియా సంఖ్యకూ నీటిలో జరిగే పనికీ పొంతన లేని సరుకు కూడా మాకు ఎదురైంది. గడువు తేదీ, దుకాణంలో నిల్వ ఉంచిన తీరు చూసి మాత్రమే కొనాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మేతతో పాటు చెరువులోకి చేరే భాస్వరం. నత్రజనిలో కొంత చివరకు గాలిలో కలుస్తుంది. భాస్వరానికి ఆ దారి లేదు, ఏ బ్యాక్టీరియా వేసినా అది నీటిలోనో బురదలోనో ఉండిపోతుంది. పట్టుబడి అయ్యాక ఆ నీటిని డ్రెయిన్లలోకి వదిలితే, 2002లో రామ్సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా) పొందిన కొల్లేటిలో గుర్రపుడెక్కకు మనమే ఎరువు వేసినట్లవుతుంది. ప్రోబయోటిక్ వాడాము కాబట్టి నీరు శుభ్రమైనదని చెప్పి వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. మేము ముందు మేత తగ్గించాము, తరువాతే ఈ పొడులకు ఖర్చు పెడుతున్నాము. చివరి నీటిని వీలైనంత వరకు వరిచేలకు పెట్టి, ఎండిన అడుగు మట్టిని గట్ల మీది కొబ్బరి చెట్లకు వేస్తున్నాము.