కిట్ కారులో దూర ప్రయాణాలు: ఆరేళ్ళు నడిపాక

విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే బిగించుకున్న కిట్ కారు నాది. మొదటిసారి దాన్ని ఇంగ్లండ్‌లోని కవెంట్రీ నుంచి లేక్ డిస్ట్రిక్ట్ దాకా నడుపుకుంటూ వెళ్ళిన రాత్రి, మంచం మీద వాలి "ఆ ఫ్యాన్ ఆపవే" అన్నాను మా ఆవిడతో. మేం దిగిన గదిలో ఫ్యాన్ లేదు. పగలంతా తిన్న గాలి హోరు రాత్రి పదింటికి కూడా నా చెవుల్లో మోగుతూనే ఉంది.

నడుం పడిపోతుందని అందరూ ముందే భయపెట్టారు, దానికి సిద్ధపడే వెళ్ళాను. చెవుల సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఆరేళ్ళలో ఇరవై వేల మైళ్ళ పైచిలుకు తిరిగాక నాకు తేలిందేమిటంటే, ఇలాంటి కారులో మనిషిని ముందు పడగొట్టేది చప్పుడే. సీటు వంతు ఆ తర్వాత. నేనేమో మొదటి ఏడాదంతా డబ్బు సీటు మీదే పోశాను.

కారు గురించి రెండు ముక్కలు. సెవెన్ అనే పాత స్పోర్ట్స్ కారు తరహా రెండు సీట్ల బండి. పాత మాజ్దా ఎంఎక్స్-5 ఒకటి కొని, దాని ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఊడదీసి, ఒక చిన్న కంపెనీ అమ్మే ఛాసిస్‌లో బిగించాను. రెండు చలికాలాలు గ్యారేజీలోనే గడిచాయి. ఈ ఆకారం 1957లో లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్‌గా తెచ్చినది. అప్పట్లో బ్రిటన్‌లో పూర్తి కారు కొంటే పర్చేజ్ టాక్స్ పడేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పడేది కాదు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. అదే ఏడు లోటస్ ఈ కారు హక్కులు కేటరమ్ అనే కంపెనీకి ఇచ్చేసింది. పన్ను తప్పించుకోవడం, బరువు తగ్గించడం, మూలమలుపులో దూసుకుపోవడం, ఇవీ దీని పుట్టుకలో ఉన్న ఆలోచనలు. కూర్చున్నవాడి నడుం గురించి ఎవరూ ఆలోచించినట్టు లేదు.

"డోర్లు లేని కారుకి అంత పోశావా అన్నయ్యా?" అని హైదరాబాద్ నుంచి మా తమ్ముడు అడిగాడు. డోర్లు ఉన్నాయిరా, గుడ్డవి, అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

చప్పుడు దగ్గరికి వద్దాం. ఐదో గేరులో గంటకి 70 మైళ్ళ మీద ఇంజను మూడున్నర వేల ఆర్‌పీఎం పైనే తిరుగుతుంది. సైలెన్సర్ కారు పక్కనే, దాదాపు మోచేతి కిందే ఉంటుంది. అయినా అసలు దొంగ గాలి. అద్దం మీదుగా, పక్కల నుంచి వచ్చే గాలి సీట్ల వెనక సుడి తిరిగి మళ్ళీ ముందుకొచ్చి తల వెనక కొడుతుంది. జుట్టు వెనక్కి కాకుండా మొహం మీదికి ఎగురుతుంటే మొదట నాకు అర్థమే కాలేదు. మందుల షాపులో దొరికే స్పాంజి ఇయర్ ప్లగ్గులు పెట్టి చూశాను. హోరుతో పాటు ఇంజను గొంతు కూడా పోయింది, గేరు ఎప్పుడు మార్చాలో తెలియక తికమకపడ్డాను. బైకుల వాళ్ళు వాడే ఫిల్టరున్న ప్లగ్గులు కొన్నాక కుదిరింది. ఇరవై పౌండ్లు. అంతకుముందు సీటు కోసం ఖర్చుపెట్టింది తలుచుకుంటే నవ్వొస్తుంది. తల వెనక కొట్టే గాలికి 4 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ షీటు కోసి, రోల్ బార్‌కి (బోల్తా కొడితే తల కాపాడే కమ్మీకి) అడ్డంగా బిగించాను. అక్రిలిక్ చవకే గానీ పగిలితే ముక్కలు తలకే తగులుతాయి, దాని జోలికి పోవద్దు.

ప్లగ్గులు పెట్టుకున్నాక మాటలు ఉండవు కదా, మాకు మోకాలి భాష వచ్చింది. మా ఆవిడ నా మోకాలు ఒకసారి తడితే టీ, రెండుసార్లు తడితే అర్జంటుగా ఎక్కడైనా ఆపాలి. గిల్లితే వేగం తగ్గించమని.

ఇప్పుడు సీటు. ఇందులో కూర్చోవడమంటే కాళ్ళు ముందుకి బారజాపి నేల మీద కూర్చున్నట్టే. కంపెనీ ఇచ్చిన సీటు అడుగు బల్లపరుపుగా ఉంటుంది, తొడలు గాల్లో వేలాడతాయి. బరువంతా పిరుదుల మీదే పడి గంట తిరిగేసరికి పల్లెవెలుగు బస్సులో చివరి సీటు గుర్తొస్తుంది. జెల్ కుషన్, గాలి దిండు, నడుం బెల్టు అన్నీ కొన్నాను. ఒక్కటీ ఇప్పుడు కారులో లేదు.

రేసుల వాళ్ళు చేసే పద్ధతి ఒకటుంది. రెండు రకాల ద్రవాలు కలిపితే పొంగే ఫోమ్‌ని పెద్ద చెత్త సంచిలో పోసి, సంచి మూతి కట్టేసి సీట్లో పెట్టి, అది పొంగుతుండగా దాని మీద డ్రైవింగ్ భంగిమలో కూర్చోవాలి. నిమిషం తిరక్కుండానే కింద దోశపెనం మీద కూర్చున్నట్టు వేడెక్కుతుంది, కదలకూడదు. నేను స్టీరింగ్ పట్టుకుని, క్లచ్ మీద కాలుపెట్టి, గ్యారేజీ గోడకేసి చూస్తూ కూర్చున్నాను. సంచి కుట్టు దగ్గర పిగిలింది. పసుపురంగు నురగ తొడ పక్క నుంచి ఉబికి వచ్చి ట్రాక్ ప్యాంటుకి పట్టేసింది. అది గుడ్డకంటితే ఇక వదలదు. మా ఆవిడ కత్తెర తెచ్చి ప్యాంటు కోస్తే గానీ బయటపడలేదు. రెండోసారి సంచిలో సంచి పెట్టి, సగం సగం ద్రవం రెండు దఫాలుగా పోశాను, చక్కగా కుదిరింది. బ్రెడ్డు కోసే కత్తితో అంచులు చెక్కి, గుడ్డ టేపు చుట్టాను. నడుం వంపు దగ్గర ఎక్కడా ఖాళీ లేదు. మా ఆవిడ సీటుకి కూడా చేస్తానంటే మాత్రం "నాకొద్దండీ బాబూ, మీ కత్తెరా మీరూ" అంది.

ఇంత చేశాక కూడా తొడల కింద కొంచెం ఖాళీ మిగిలింది. సీటు ముందు బోల్టుల కింద 20 మిల్లీమీటర్ల స్పేసర్లు వేసి ముందు భాగం లేపితే అదీ పోయింది. ఫోమ్ జోలికి పోకుండా ముందు ఈ పనే చేసుండాల్సింది, పది నిమిషాల పని.

ఎడమ కాలికి చోటుండదు. పక్కనే గేర్‌బాక్స్ టన్నెల్, క్లచ్ తొక్కనప్పుడు కాలు పెట్టుకోవడానికి స్థలం లేక పిక్క పట్టేస్తుంది. చిన్న అల్యూమినియం పలక వంచి రివెట్లు కొట్టాను, ఆ మాత్రం చాలు. వెడల్పు బూట్లు వేసుకుంటే రెండు పెడళ్ళు ఒకేసారి తొక్కుతారు, సన్నటివే వేసుకోవాలి.

కుదుపు విషయంలో నేను చేసిన తప్పు ఇంకా పెద్దది. చక్రాలు ఎంఎక్స్-5వే కదా అని దాని పుస్తకంలో ఉన్నట్టే టైర్లలో 26 పీఎస్ఐ గాలి కొట్టాను. ఆ కారు దాదాపు వెయ్యి కేజీలు, నాది తూకం వేస్తే 620. అంత తేలిక బండికి ఆ గాలితో టైరు రాయిలా ఉంటుంది. రోడ్డు మధ్య గీత మీద రాత్రిళ్ళు మెరిసే బుడిపెలు, క్యాట్స్ ఐలు, ఒక్కొక్కటీ వెన్నుపూసలో లెక్కపెట్టుకోవచ్చు. సెవెన్‌లు చాలాకాలంగా నడిపే పెద్దాయన ఒకాయన ప్రెషర్ గేజి పెట్టి చూసి తలపట్టుకున్నాడు. చల్లటి టైరులో 18కి దించాను. కుదుపులు అణిచే డ్యాంపర్లు నాలుగు క్లిక్కులు వదులు చేశాను. పైసా ఖర్చు లేకుండా వేరే కారైపోయింది.

ఈ మార్పులన్నీ అయ్యాక 2023లో స్కాట్లండ్‌లో నార్త్ కోస్ట్ 500 అనే రోడ్డు చుట్టూ తిరిగాం, ఇన్వర్నెస్ నుంచి ఇన్వర్నెస్‌కి 516 మైళ్ళ చుట్టు. అక్కడిదాకా మోటర్‌వే మీద పోవడమే దానికంటే కష్టం. లారీ పక్కన వెళ్తుంటే దాని చక్రం బోల్టులు కళ్ళెదురుగా తిరుగుతుంటాయి, లైట్లు పగలు కూడా వేసే ఉంచుతాను. 80 మైళ్ళకోసారి ఆగాం. మోటర్‌వే పక్కన ఆగే చోటు టెబే సర్వీసెస్‌లో చెరువు ఒడ్డున బల్ల దగ్గర డబ్బా విప్పి పులిహోర తిన్నాం. కారులోనే తిందామని మొదట ప్రయత్నించాం గానీ వేరుశనగ గుళ్ళు కంట్లో పడ్డాయి. బేలక్ నా బా కొండదారి 626 మీటర్ల ఎత్తుకి ఎక్కుతుంది, ఒకటే వరస రోడ్డు, ఎదురు బండి వస్తే పక్కన ఆగాలి. ఆగినప్పుడల్లా మిడ్జ్‌లనే దోమల్లాంటి చిన్న పురుగులు కమ్ముకుంటాయి, కదిలితే ఒక్కటీ ఉండదు. పైకప్పు లేని కారు వాళ్ళకే తెలిసే బాధ అది. ఆ తొమ్మిది రోజుల్లో నడుం ఒక్కసారి పట్టింది, అదీ కారులో కాదు, హోటల్ మంచం వల్ల.

వానలో 50 మైళ్ళ పైన పోతుంటే చినుకులు అద్దం మీదుగా తల దాటి పోతాయి, తడవం. సిగ్నల్ దగ్గర ఆగితే స్నానమే. హుడ్, అంటే గుడ్డ పైకప్పు, బిగించడానికి నాకు నాలుగు నిమిషాలు పడుతుంది, ఈలోపు తడవాల్సింది తడిసిపోతాం. బిగించాక కుడి మూల నుంచి నా మోకాలి మీదకి బొట్లు పడతాయి. ఎన్ని సీలెంట్లు పూశానో. ఇప్పుడు అక్కడ విశాఖ నుంచి తెచ్చుకున్న పాత టర్కీ తువ్వాలు మడిచి పెడుతున్నాను. అరగంటకోసారి పిండాలి.