చెక్-ఇన్ పెట్టెకు ఏ తాళం మేలు?

అమెరికా ప్రయాణానికి పెట్టె సర్దేశాక చివరి టెన్షన్ తాళం దగ్గరే. వేయాలా, వద్దా? వేస్తే ఏది?

ముందు అక్కడేం జరుగుతుందో చూద్దాం. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత ఏర్పడిన టీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ అమెరికా విమానాశ్రయాల్లో లగేజీ తనిఖీలు చూస్తుంది. చెక్-ఇన్‌లో ఇచ్చిన ప్రతి పెట్టెనూ స్కాన్ చేస్తారు, అనుమానం వస్తే తెరుస్తారు. ఆ సమయంలో మీరు పక్కన ఉండరు. మామూలు తాళం ఉంటే కత్తిరించేస్తారు, దానికి పరిహారం ఇవ్వరు. తెరిచి చూశామని లోపల ఒక కాగితం పెడతారు. అందుకే ఇంట్లో బీరువాకి వేసే గట్టి తాళం ఇక్కడ పనికిరాదు.

టీఎస్ఏ తాళం వేరు. ఎర్ర డైమండ్ గుర్తు ఉంటుంది, మీరు నంబరు తిప్పి తెరుస్తారు. కింద చిన్న తాళం రంధ్రం, పక్కన టీఎస్ఏ007 లాంటి అక్షరాలు కనిపిస్తాయి. దాని చెవి రాలేదని చాలామంది కొన్న డబ్బా అంతా వెతుకుతారు. ఆ రంధ్రం మనకోసం కాదు, తనిఖీ సిబ్బంది మాస్టర్ కీ కోసం. ఆ కీల ఫొటో 2014లో ఒక పత్రికలో వచ్చింది, మరుసటి ఏడాదికే త్రీడీ ప్రింటర్‌లో నకళ్లు తయారయ్యాయి. కాబట్టి అది దొంగను ఆపుతుందని నమ్మకండి. తనిఖీలో తాళం తెగే అవకాశాన్ని తగ్గిస్తుంది, అంతే. అన్ని దేశాల సిబ్బంది దగ్గరా ఆ కీ ఉండదు కూడా.

అసలు బలహీనత తాళంలో లేదు, జిప్‌లో ఉంది. బాల్‌పెన్ మొనను జిప్ పళ్ల మధ్య గుచ్చి లాగితే పెట్టె నోరు తెరుచుకుంటుంది. తాళంతో కలిపి ఉన్న రెండు రన్నర్లనీ ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపితే జిప్ మళ్లీ మూసుకుపోతుంది, తాళం చెక్కుచెదరదు. తెరిచినట్టే తెలియదు! రన్నర్లు పెట్టెకే అమర్చిన తాళంలోకి దిగి కదలకుండా ఉంటే అలా మూయడం కుదరదు, చిరిగిన జిప్ మీ కంటపడుతుంది. అందుకే నేను వేలాడే తాళం కంటే అమర్చిన టీఎస్ఏ తాళానికే ఓటేస్తాను. జిప్పే లేని, క్లిప్పులతో బిగుసుకునే గట్టి పెట్టె అయితే ఇంకా మేలు. బరువు కొంచెం ఎక్కువ, అయినా సరే.

ప్లాస్టిక్ చుట్టిస్తే గీతలు పడవు, తడవదు. తనిఖీకి మాత్రం అదీ కోసేస్తారు. తాళం బదులు నంబరున్న కేబుల్ టై, అంటే బిగిస్తే కోస్తే తప్ప ఊడని ప్లాస్టిక్ పట్టీ, చవక. తెగితే వెంటనే తెలుస్తుంది, తెగకుండా వస్తే విప్పడానికి బయటి అరలో నెయిల్ కట్టర్ పెట్టుకోండి.

బంగారం, పాస్‌పోర్టు, మందులు ఏ తాళం వేసినా ఆ పెట్టెలో పెట్టొద్దు. పవర్ బ్యాంకు క్యాబిన్ బ్యాగులోనే ఉండాలన్నది నిబంధన. బెల్టు మీంచి పెట్టె దించగానే జిప్, తాళం, టై నంబరు అక్కడే నిలబడి చూడండి. తేడా కనిపిస్తే బయటికి రాకముందే విమాన సంస్థ కౌంటర్‌లో రాయించండి.