సాగా, ఉద్యోగమా, రెండూనా: రైతు బిడ్డకు ఏది మేలు?

రైతు ఇంట పుట్టినవారికి దారులు మూడు. చేను చూసుకోవచ్చు, పూర్తిగా వదిలి వెళ్లవచ్చు, లేదా ఉద్యోగం చేస్తూనే సాగు నడపవచ్చు. మూడోది వినడానికి బాగుంటుంది. నాకు అనుమానమల్లా దాని మీదే.

ముందు సాగు సంగతి. ఒంటికి శ్రమ ఉన్నమాట నిజమే, కానీ అసలు చిక్కు రాబడి వచ్చే తీరులో ఉంది. ఖర్చు ఈరోజు, చేతికి డబ్బు నెలల తరువాత, ధర అప్పటి బజారు దయ. జీతం అలా కాదు, నెల తిరిగేసరికి వస్తుంది. అయితే ఉద్యోగం పోతే అంతా పోయినట్టే. పంట పోయినా నేల ఉంటుంది, అప్పు కింద జమ కాకపోతే. ఇక ప్రపంచంలోని 60 కోట్లకు పైబడిన కమతాల్లో సుమారు 84 శాతం రెండు హెక్టార్ల లోపువే. అంతటి చెక్కను ఇద్దరు పిల్లలు పంచుకుంటే ఎవరికీ చాలదు. అలాంటి ఇంట్లో ఒకరు బయటికి వెళ్లడాన్ని ద్రోహమనడం అన్యాయం.

వెళ్లడంలోనూ పద్ధతి ఉంది. జన్యుశాస్త్రానికి పునాది వేసిన గ్రెగర్ మెండెల్ రైతుకు ఒక్కగానొక్క కొడుకు. 1838లో ఒంటి మీద దుంగ పడడంతో తండ్రి పని చేయలేని స్థితికి వచ్చాడు. పొలం బావ చేతికి వెళ్లింది. చెల్లెలు తన కట్నంలో కొంత వదులుకొని అన్న చదువుకు ఇచ్చింది. తరువాత ఆమె కొడుకుల చదువుకు ఆయన సాయపడ్డాడు. (1866లో అచ్చయిన ఆయన పరిశోధన బఠాణీ మొక్కల మీదే. మట్టి అంత తేలికగా వదలదు.) పొలం ఎవరిదో తేలింది, బాకీ తీరింది. ఇది నాకు నచ్చిన వెళ్లడం.

రెండు పడవల ప్రయాణంలో తేలనిది ఇదే. ఫోనులో పురమాయించేది కొడుకో కూతురో, బురదలో దిగేది ముసలి తల్లిదండ్రులు. పాడి ఉంటే రెండు పూటలా పాలు పితకాలి, ఆవుకు ఆదివారం తెలియదు. కూరగాయలు రెండు రోజులు ఆగితే ముదిరిపోతాయి. కలప చెట్లో, ఎదిగిన పండ్ల తోటో అయితే కొంత ఓర్చుకుంటాయి. అలాంటి పంట ఉన్నవారికే ఈ దారి.

"కుదరకపోతే తిరిగొస్తాం" అనేవారు, తరువాత అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ సంగతి గుర్తుంచుకోవాలి. 1953లో తండ్రి పోవడంతో నౌకాదళం వదిలి వేరుశనగ సాగుకు వచ్చిన ఆయనకు, కరవు వల్ల 1954లో లాభం దాదాపు ఏమీ మిగలలేదు. కనీసం ఏడాది ఖర్చులు దాచుకోకుండా తిరిగి రాకూడదు.

నేల ఒక కుటుంబానికి చాలి, అప్పు మెడ మీద లేకపోతే సాగే మేలంటాను. లేదంటే వెళ్లండి, కానీ కౌలుకు ఎవరికిస్తున్నారో, ఉన్న అప్పు ఎవరు తీరుస్తారో ఇంట్లో తేల్చి వెళ్లండి. పశువుల సంగతి అన్నిటికన్నా ముందు తేల్చండి. వాటికి రేపు పొద్దున్నే మేత కావాలి.