పీఐబీ ఫ్యాక్ట్ చెక్: నాయకుల ఆరోగ్యం పుకార్లకు 5కు 2

తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో "ఫలానా నాయకుడికి సీరియస్" అని ఓ విలేకరి పోస్టు తిరిగితే కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఈ నిజనిర్ధారణ సేవకు పంపి లాభం తక్కువ. 2019లో మొదలైన ఈ సేవ కేంద్ర ప్రభుత్వ విషయాలే చూస్తుంది. నకిలీ ఉత్తర్వులకైతే భేష్; రాష్ట్ర నాయకుల జ్వరాలూ స్టెంట్లూ దాని పరిధిలోకి రావు.

వాటికి ఫొటోతో వెతికే గూగుల్ లెన్సే నయం. ఆస్పత్రి మంచం ఫొటో చాలాసార్లు పాతదే. స్క్రీన్‌షాట్ మీది ఛానెల్ లోగో, స్క్రోలింగ్ కత్తిరించి వెతకాలి, లేకపోతే లెన్స్ ఆ రాతల వెంటే పోతుంది. తర్వాత ఆస్పత్రి ఇచ్చే హెల్త్ బులెటిన్‌లో లెటర్‌హెడ్, సమయం, సంతకం చూడాలి. ఉదాహరణకు, 2016 డిసెంబర్ 5 సాయంత్రమే జయలలిత పోయారని ఛానెళ్లు చెప్పేశాయి, ఆమెకు చికిత్స చేస్తున్న అపోలో ఆస్పత్రి కాదంది. ఆస్పత్రి ప్రకటించిన సమయం రాత్రి 11.30.