రొమ్ములో ఇంప్లాంట్ మార్చుకోవడమా, సొంత కొవ్వుతో రొమ్ము కట్టించుకోవడమా?

మా వదినకు క్యాన్సర్‌కని రేడియేషన్ ఇచ్చిన రొమ్ములో పెట్టిన ఇంప్లాంట్ (రొమ్ము ఆకారం కోసం లోపల పెట్టే కృత్రిమ సంచి) 2 ఏళ్లకే రాయిలా గట్టిపడింది. జాకెట్ హుక్కు పెట్టుకునేటప్పుడు పళ్లు బిగబట్టేది. ఇంప్లాంట్ చుట్టూ శరీరం అల్లుకునే పొర బిగుసుకుపోతే ఇలా అవుతుంది. రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఈ బాధ ఎక్కువ.

కర్నూలులో డాక్టరు రెండు దారులు చెప్పారు. మొదటిది, ఆ పొర తీసేసి కొత్త ఇంప్లాంట్ పెట్టడం. చిన్న ఆపరేషన్, ఇంకోచోట కోత ఉండదు, త్వరగా ఇల్లు చేరొచ్చు. కానీ చర్మానికి తగిలిన రేడియేషన్ దెబ్బ అలాగే ఉంటుంది, మళ్లీ బిగుసుకునే భయం పోదు.

రెండోది, పొత్తికడుపు చర్మాన్నీ కొవ్వునూ తీసి రొమ్ముగా మలిచి, దాని సన్నటి రక్తనాళాలను మైక్రోస్కోప్ కింద ఛాతీలోని నాళాలతో కలిపి కుట్టడం. 6 నుంచి 10 గంటలు పట్టొచ్చు. మొదటి రోజు నర్సు గంటగంటకూ ఆ కొత్త రొమ్ము చర్మాన్ని వేలితో నొక్కి చూస్తుంది, రంగు తిరిగి వస్తోందా, వెచ్చగా ఉందా అని. కుట్టిన నాళాల్లో రక్తం పారడం ఆగితే వెంటనే మళ్లీ థియేటర్‌కే. పొట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత పడుతుంది. ఆరేడు వారాలు బిందె ఎత్తకూడదు; ట్యాంకర్ నీళ్లు పట్టుకునే ఇళ్లలో అదెంత కష్టమో ఆడవాళ్లకే తెలుసు.

అయినా నేను రెండోదాని వైపే. అది మెత్తగా, వెచ్చగా ఉంటుంది, ఒళ్లు చేస్తే తనూ పెరుగుతుంది, ఇంప్లాంట్‌లా ఏళ్లు గడిచాక మార్చాల్సిన పని ఉండదు. షుగర్ అదుపులో లేకపోయినా, పొట్ట దగ్గర కొవ్వు బొత్తిగా లేకపోయినా మాత్రం కుదరదు. వదిన షుగర్ ముందు దించుకుంటోంది.