జనరల్ బజార్‌లో స్కూలు యూనిఫాం: తిరగేసి చూసి కొన్న రివ్యూ

నేను ఇంటి దగ్గర జాకెట్లు కుడతాను. కాబట్టి ఈ రివ్యూలో షాపు ఎంత అందంగా ఉంది, ఏసీ ఉందా, కూర్చోడానికి సోఫా ఉందా అన్నవి తక్కువ, కుట్టు సంగతులు ఎక్కువ. యూనిఫాం విషయంలో నాదొకటే రూలు. డబ్బులిచ్చే ముందు బట్టను లోపలి వైపు తిరగేసి చూడనిస్తే అది కొనదగ్గ షాపు. చూడనివ్వకపోతే ఎంత తగ్గించినా వద్దు.

మా పాప ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. యూకేజీ దాకా మా సీతాఫల్‌మండిలోనే చిన్న స్కూలు, ఏ గౌను వేసి పంపినా అడిగేవాళ్లు లేరు. కొత్త స్కూల్లో ఫీజు కట్టిన రోజే ఒక చీటీ చేతిలో పెట్టారు. నాలుగు రోజులు మెరూన్ గళ్ల చొక్కా, దాని మీద నేవీ బ్లూ పినాఫోర్, అంటే చేతుల్లేని గౌను. బుధ, శనివారాలు తెల్ల డ్రస్, తెల్ల బూట్లు. టై, బెల్టు, రెండు రంగుల సాక్సులు, హౌస్ టీషర్టు (స్కూల్లో పిల్లల జట్టు రంగుది), చలికాలానికి స్వెట్టర్. అది చదివి మా అత్తమ్మ, "పెళ్లిపిల్లకు కూడా ఇన్ని బట్టలు పెట్టలేదు కదే" అంది.

హైదరాబాద్ జిల్లాలో ప్రైవేటు స్కూళ్ల ఆవరణలో యూనిఫాంలు, బూట్లు, బెల్టులు అమ్మకూడదని 2024లో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఆఫీసు ఉత్తర్వు ఇచ్చింది. మా స్కూలువాళ్లు కూడా లోపల అమ్మట్లేదు, నిజమే. రెండు వీధుల అవతల ఒక మడిగె చూపించారు. అక్కడ అన్నీ కలిపి సెట్టు, 4,600 రూపాయలు. విడిగా ఇవ్వరు. టై ఒకటి చాలు, రెండెందుకన్నా అంటే "సెట్టంటే సెట్టేనమ్మా" అన్నాడు. సరే, పినాఫోర్ ఒకసారి విప్పి చూపించమన్నా. కవరు విప్పితే తీసుకోవాల్సిందేనట. ఇక అక్కడ మాట్లాడటానికేం లేదు.

ఆ రేటు ఎందుకు మింగుడుపడలేదో చెప్తాను. జనగామ వైపు మా పెద్దనాన్న కూతురు మహిళా సంఘంలో ఉంది. సర్కారు బడి పిల్లల యూనిఫాంలు ఇప్పుడు సంఘాల ఆడవాళ్లే కుడుతున్నారు. జతకు 50 రూపాయలున్న కుట్టుకూలిని 2024లో 75 చేశారు. అక్క అదేదో గొప్పగా చెప్పలేదు, గిట్టుబాటు అంతంతమాత్రమే అంది. ఫ్యాక్టరీలో వేల లెక్కన కుట్టేవాళ్లకు ఒక్కో దానికి అంతకన్నా పెద్దగా పడుతుందని నేననుకోను. గుడ్డ చూస్తే, ఆరేళ్ల పిల్ల పినాఫోర్‌కు పెద్ద పన్నా గుడ్డ మీటరు పావు ఉంటే ఎక్కువే. అది ఎంత మంచిదైనా మీటరు రెండు వందల పైచిలుకు. మరి మిగతా డబ్బంతా ఎక్కడికి పోతోంది? జేబు మీద లోగోకి.

"నువ్వే టైలర్‌వి కదా, నువ్వే కుట్టొచ్చుగా" అని మా వీధిలో అందరూ అడిగారు. తెల్ల డ్రస్ నేనే కుట్టాను. తెల్ల గుడ్డ ఏ షాపులోనైనా తానులోంచి కోసిస్తారు. గళ్ల చొక్కా మాత్రం కుదరదు. ఆ గళ్లు, ఆ రంగు మీటర్లలో అమ్మరు. పైగా మే, జూన్ అంటే నాకు పెళ్లి జాకెట్ల సీజను. మగ్గం వర్క్ జాకెట్లు పక్కన పెట్టి ఒక్క పిల్ల చొక్కా కాలరు లోపల పెట్టే గట్టి గుడ్డ, బక్రం, కొనడానికి తిరగలేను.

అలా సికింద్రాబాద్ జనరల్ బజార్‌కు వెళ్లాం. సిటీ బస్సులో ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి రానుపోను ఖర్చు లేదు. మహంకాళి గుడి చుట్టుపక్కల సందుల్లో చీరల షాపులు, లేసుల షాపులు, మ్యాచింగ్ సెంటర్ల మధ్య ఈ యూనిఫాం షాపు. సందు సన్నం, షాపు అంతకన్నా సన్నం. నేల నుంచి సీలింగ్ దాకా అట్టపెట్టెలు, ఒక్కో పెట్టె మీద ఒక్కో స్కూలు పేరు స్కెచ్ పెన్నుతో రాసుంది. సేటు అడిగింది రెండే ప్రశ్నలు: ఏ స్కూలు, ఏ క్లాసు. పాపను పై నుంచి కిందికి ఒకసారి చూసి "చౌబీస్" అని అరిచాడు. పైన అటక మీదున్న కుర్రాడు 24 సైజు చొక్కా కిందికి విసిరాడు. టేపు తీసి కొలిచి చూశాను. సరిగ్గా 24. ఆ కంటికి దండం పెట్టాలి.

"తిరగేసి చూస్తా సేటూ" అంటే "చూస్కో అమ్మా, దాంట్లో ఏముంది" అని ట్యూబ్‌లైట్ కిందికి జరిగి చోటిచ్చాడు.

ఇక చొక్కా సంగతి. పక్క కుట్ల లోపల ఓవర్‌లాక్ (గుడ్డ అంచు పీచులు రాకుండా వేసే కుట్టు) శుభ్రంగా ఉంది, దారాలు వేలాడట్లేదు. చంక దగ్గర రెండు వరసల కుట్టు ఉంది. చిన్నపిల్లల చొక్కా మొదట పిగిలేది అక్కడే, ఎందుకంటే వాళ్లు చెయ్యెత్తకుండా ఒక్క నిమిషం ఉండరు. కాలర్ గట్టిగా ఉంది, గీసుకునేంత గట్టి కాదు. జేబు గళ్లు చొక్కా గళ్లతో కలిశాయి. ఆ ధరలో నేను దాన్ని ఆశించలేదు. కాజాలు దిట్టంగా ఉన్నాయి. గుండీలు మాత్రం మెషిన్ గొలుసుకుట్టు. ఒక దారం కొస దొరికితే పిల్లలు లాగుతారు, మొత్తం ఊడొస్తుంది. ఇది ఏ కంపెనీ రెడీమేడ్‌లోనైనా ఉండేదే. ఇంటికెళ్లి అన్ని గుండీలూ సూదితో మళ్లీ కుట్టుకున్నాను. కుట్టడం రాకపోయినా ఈ ఒక్క పని మీరూ చేయండి.

పినాఫోర్‌లో నేను చూసేది మూడు. ఒకటి, కింద మడత. మడిగెలో కవర్లోంచి తడిమి చూస్తే వేలెడు మడత కూడా తగల్లేదు. ఇక్కడ రెండున్నర అంగుళాలుంది. ఈ వయసులో పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు, అంటే రెండంగుళాల పైమాట. మడత విప్పితే వచ్చే ఏడు కూడా నడుస్తుంది. పాత మడత గీత తెలుస్తుందనుకోండి, దాని మీద అదే రంగు పైపింగ్ (సన్నని గుడ్డ పట్టీ) వేస్తే పోయె. రెండోది, పక్క కుట్టు లోపల వదిలిన గుడ్డ. అర అంగుళం పైనే ఉంది, పిల్ల లావైతే విప్పుకోవచ్చు. మూడోది ఎవరూ చెప్పనిది: పిల్ల తనంతట తాను బాత్‌రూమ్‌కు వెళ్లి రాగలదా? యూకేజీలో ఆయమ్మ వెంట వెళ్లేది. ఒకటో తరగతిలో ఎవరు వస్తారు? చూపించిన ఒక మోడల్‌లో బెల్టు పినాఫోర్‌కే కుట్టేసి, వెనకాల హుక్కుతో ఉంది. పిల్ల చెయ్యి అక్కడికి అందదు. అది వద్దని, బెల్టు విడిగా ముందు వైపు పెట్టుకునేది తీసుకున్నాం. షాపులోనే మా పాపతో బెల్టు తీయించి, పెట్టించి చూశాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీ.

గుడ్డ గురించి. చొక్కాది పాలిస్టర్, కాటన్ కలిసింది, పినాఫోర్‌ది పాలిస్టర్ విస్కోస్ అన్నాడు. నమ్మడం నమ్మకపోవడం కాదు, ఇంటికొచ్చి చొక్కా లోపలి వైపు నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్లతో కాల్చాను. పాలిస్టర్ కరిగి పూసలా ముద్ద కడుతుంది, కాటన్ కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇందులో రెండూ కనిపించాయి. అసలు పూర్తి కాటన్ యూనిఫాం కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. పొద్దున్నే ఆరున్నరకు ఇస్త్రీ చేసే ఓపిక వాళ్లకుంటే మంచిదే, నాకు లేదు. రంగు పోతుందా అన్నదానికి షాపులోనే తడి చేతిరుమాలుతో పినాఫోర్ లోపల రుద్దాను. సేటు నవ్వాడు గానీ ఆపలేదు. రుమాలుకు ఏమీ అంటలేదు. ఇప్పటికి చాలాసార్లు ఉతికాం. నేవీ బ్లూ అలాగే ఉంది, మెరూన్ గళ్లు మాత్రం కొద్దిగా వెలిసినట్టు అనిపిస్తున్నాయి, మరీ బాధపడేంత కాదు.

మాల్ ఎక్కడిది అని అడిగితే సోలాపూర్ అన్నాడు. అక్కడ యూనిఫాం కుట్టే యూనిట్లు బోలెడున్నాయి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు తరతరాలుగా స్థిరపడిన ఊరు కూడా అది. ఎంతమంది మనవాళ్ల చేతుల మీదుగా వచ్చిందో ఈ చొక్కా అని మా ఆయన ఒకటే మురిశాడు. బేరం మాత్రం నాకే వదిలేశాడు.

బేరం పెద్దగా సాగదు, ముందే చెప్తున్నా. చొక్కా 320, పినాఫోర్ 560, రెండేసి తీసుకున్నాం. ఒక టై 90, బెల్టు 110, సాక్సులు జత 60 చొప్పున మూడు జతలు. మొత్తం 2,140 అయితే నలభై తగ్గించి 2,100 తీసుకున్నాడు. సైజు పెరిగే కొద్దీ 20 రూపాయలు పెరుగుతాయి. తెల్ల గుడ్డ పక్క షాపులో కొన్నాను, 300 లోపే. జేబు మీద కుట్టే లోగో బ్యాడ్జి ఈ షాపులో ఉండదు. స్కూలు ఆఫీసులో అడిగితే 40 రూపాయలకు ఒక్కోటి విడిగా ఇచ్చారు, కుట్టేసుకున్నాను. మా పాప క్లాసు టీచరు ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

రెండు సైజులు పెద్దది తీసుకోమని ప్రతి షాపులోనూ అంటారు, ఈ సేటూ అన్నాడు. ఒప్పుకోవద్దు. ఒక్క సైజు చాలు. రెండు సైజులు పెద్దదైతే భుజం కుట్టు మోచేతి వైపు జారుతుంది, పిల్ల ఏడాదంతా చొక్కా ఎగదోసుకుంటూనే ఉంటుంది. పొడుగు పెంచుకోవడానికి మడత ఉంది, భుజం తగ్గించుకోవడానికి దారి లేదు.

షాపులో బాగోలేనివి కూడా ఉన్నాయి. ట్రయల్ రూమ్ లేదు. పాప వేసుకున్న గౌను మీదే పినాఫోర్ తొడిగి చూశాం, పాప ఏడుపు మొహం పెట్టింది. ఒక్క ఫ్యాను, అదీ సేటు మీదికే తిరుగుతుంది. బిల్లు అడిగితే ముందు చిత్తు కాగితం మీద రాసిచ్చాడు. పక్కా బిల్లు కావాలంటే ఇచ్చాడు గానీ మొహం మారింది. మార్చుకోవడం వారం లోపు, ఉతకకుండా, లేబులుతో సహా ఉంటేనే. డబ్బులు వెనక్కి ఇవ్వరు. ఫోన్‌పే నడుస్తుంది. నడుము కుట్టు సరిచేయాలంటే షాపు మెట్ల మీద మిషను పెట్టుకుని ఒక పెద్దాయన ఉంటాడు, అప్పటికప్పుడు చేసిస్తాడు. ఆయన చేతి వాటం చూస్తూ నేను కాసేపు అక్కడే నిలబడ్డాను, బాబిన్ మార్చడానికి కళ్లు కూడా దించలేదు.

ఎప్పుడు వెళ్లాలంటే, మే నెలలోనే. బడులు జూన్ 12న తెరుస్తారు, ఆ ముందు వారం ఆ సందులోకి అడుగు పెట్టలేం. 24, 26 సైజులు ముందు అయిపోతాయి, ఒకటో తరగతి పిల్లలందరిదీ అదే కొలత. తెరిచాక తీరిగ్గా కొందాంలే అనుకుంటే లష్కర్ బోనాల (సికింద్రాబాద్ మహంకాళి జాతర) వారం మాత్రం తప్పించుకోండి, గుడి చుట్టూ రోడ్లన్నీ కట్టేస్తారు.

బూట్లు ఇక్కడ కొనొద్దు. పెట్టెల్లో కొన్ని పడున్నాయి గానీ అడుగు రబ్బరు వంచితే విరిగేలా ఉంది. చెప్పుల షాపులోనే, సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, స్కూలు సాక్సు తొడిగి చూసి కొనండి. పిల్లల సైజులు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. తెలియక మా ఆడపడుచు తన కొడుక్కి 1 అంటే పసిపిల్లలదనుకుని షాపులో కాసేపు గొడవపడింది. మా పాపకు 11 సరిపోయింది, వేలు దూరేంత ఖాళీ ఉండాలని 12 తీసుకున్నాం. లేసులు వద్దు, వెల్‌క్రో తీసుకోండి. లేసు కట్టుకోవడం తర్వాత నేర్చుకుంటుంది.

స్వెట్టర్ జూన్‌లో కొనడం దండగ, హైదరాబాద్‌లో డిసెంబరు దాకా దాని అవసరం రాదు. హౌస్ టీషర్టు కూడా ఇంకా కొనలేదు. చీటీలో రాశారు గానీ పిల్లలకు హౌసులు ఇంకా ఇవ్వలేదు, ఎరుపో పసుపో తేలితే గానీ కొనలేం. తేలాక మళ్లీ అదే సేటు దగ్గరికే వెళ్తాను, బిల్లు మాత్రం ముందే అడుగుతాను.