బ్రూజ్‌లో లేసు కొనేవాళ్లూ, దగ్గరగా పరిశీలించకుండా డబ్బు కట్టకండి

సెప్టెంబరు, అక్టోబరుల్లో బెల్జియం వెళ్తూ బ్రూజ్‌కి ఒక రోజు పెట్టుకున్నవాళ్లకి ఈ హెచ్చరిక. కాలువల పడవల రేవుల దగ్గర, ఊరి నడిబొడ్డున ఉన్న మార్క్ట్ కూడలి చుట్టుపక్కల సందుల్లో "హ్యాండ్‌మేడ్" అని బోర్డు పెట్టి అమ్మే లేసులో చాలావరకు అక్కడ అల్లింది కాదు. ఆ నెలల్లో ఎండ కాస్తూనే జల్లు పడుతుంది. పడవ కోసం క్యూలో ఉన్నవాళ్లు తడవకుండా పక్క షాపులోకి దూరతారు, హడావుడిగా కొనేస్తారు. హోటల్‌కి వెళ్లి విప్పి చూస్తే మెషీన్ సరుకు.

అసలు బ్రూజ్ లేసు బాబిన్ లేసు. గట్టి దిండు మీద డిజైన్ అట్ట పెట్టి, గుండుసూదులు గుచ్చి, చిన్న చెక్క బాబిన్లకు చుట్టిన దారాలను జతలు జతలుగా మెలితిప్పుతూ, ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ అల్లుతారు. మన నరసాపురం లేసు క్రోషే, అంటే కొక్కెం సూదితో వేసే గొలుసు ముడులు. అది తెలిసినవాళ్లకి ఒక సుళువు: పువ్వు రేకులో గొలుసు కుట్టు కనిపిస్తే అది బాబిన్ లేసు కాదు. రేకు నిండా సన్నటి గుడ్డ నేసినట్టు పడుగూ పేకా కనిపించాలి.

ఎక్కువమంది మోసపోయేది టేపు లేసు దగ్గర. మెషీన్ మీద నేసిన సన్న పట్టీని డిజైన్ ప్రకారం వంచి, మధ్య ఖాళీలను మాత్రం సూదితో నింపుతారు. కాబట్టి "చేత్తో చేసిందే" అని అమ్మేవాళ్లు అనగలరు, అందులో సగం నిజం కూడా. వంపుల దగ్గర వేలితో తడమండి. పట్టీ మడత పడి, ముడుచుకుని తగులుతుంది. చేత్తో అల్లిన బాబిన్ లేసు వంపులో కూడా చదునుగా తిరుగుతుంది. పూర్తి మెషీన్ లేసయితే పక్కపక్కనే పెట్టిన రెండు ముక్కలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి, అంచుల్లో కత్తిరించిన దారాల నూగు కనిపిస్తుంది. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే చాలు, తెలిసిపోతుంది.

ధర చూసినా అర్థమవుతుంది. అరచేతి సైజు ముక్క అల్లడానికే గంటలు పడుతుంది. బెల్జియం కూలి రేట్లకి 30 యూరోలకు టేబుల్ క్లాత్ రావడం అసాధ్యం.

యూరోపియన్ యూనియన్‌లో బట్టల మీద ఏ దారమో రాయడం తప్పనిసరి, ఏ దేశంలో తయారైందో రాయడం తప్పనిసరి కాదు. "బెల్జియన్ డిజైన్" అన్న లేబుల్‌కి అర్థం డిజైన్ వరకే. ఆన్‌లైన్ కొనుగోళ్లకి ఉండే 14 రోజుల వాపసు హక్కు షాపులో స్వయంగా కొన్నవాటికి వర్తించదు. నచ్చలేదని వెనక్కి తీసుకెళ్తే మార్చి ఇస్తారా లేదా అన్నది షాపువాళ్ల ఇష్టం.

కొనే ముందు బాల్‌స్ట్రాట్ వీధిలోని లేసు కేంద్రం కాంట్‌సెంట్రుమ్‌కి వెళ్లండి, మార్క్ట్ నుంచి నడిచి వెళ్లే దూరమే. అల్లి చూపించే వేళలు ముందే కనుక్కోండి. ఒక్క పావుగంట ఆ చేతుల్ని దగ్గరగా చూశాక నకిలీని కన్ను దానంతటదే పట్టేస్తుంది. ఆ తర్వాత ఏ షాపులో బేరం కుదిరినా, బిల్లు మీద "చేతి బాబిన్ లేసు, తయారీ బెల్జియం" అని ఇంగ్లీషులో రాసివ్వమని అడగండి. రాయడానికి వెనకాడితే ముక్క అక్కడే పెట్టేసి బయటికొచ్చేయండి.